బడిలో మతం పాఠం: మీ పిల్లలకు ఏ దారి సరిపోతుంది? శ్రీకాకుళం, విజయనగరం తల్లిదండ్రులకు ఒక పోలిక

అడ్మిషన్ల రోజుల్లో తల్లిదండ్రులు ఫీజు అడుగుతారు, బస్సు అడుగుతారు, పోయినేడాది టెన్త్ రిజల్ట్ అడుగుతారు. మతం గురించి మాత్రం ఎవరూ అడగరు. ఆ ప్రశ్న ఏ ఆగస్టులోనో గుర్తొస్తుంది. పిల్ల ఇంటికొచ్చి "శ్లోకం రాలేదని సార్ నిలబెట్టారు" అనో, "బొట్టు పెట్టుకుని రావద్దన్నారు" అనో చెప్పినప్పుడు మొదలవుతుంది టెన్షన్. అప్పటికి ఫీజు కట్టేసి ఉంటాం, యూనిఫాం కుట్టించేసి ఉంటాం.

నేను శ్రీకాకుళం జిల్లాలో సోషల్ చెప్తాను. "మాస్టారూ, ఆ బళ్ళో దేవుడి పాఠాలు ఉన్నాయంట, మా గుంటడిని ఎయ్యమంటారా ఒద్దంటారా?" అని అడిగేవాళ్ళు ప్రతి ఏడూ ఉంటారు. వాళ్ళకి విడివిడిగా చెప్పేదే ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. నేను ఎటు మొగ్గుతానో ముందే చెప్పేస్తే మీకూ సులువు: భక్తి ఇంట్లో, గుడిలో, చర్చిలో, మసీదులో నేర్పించుకోవాలి. బడి మాత్రం అన్ని మతాల గురించీ చదువుగా చెప్పాలి. ఇది అందరికీ కుదరదు. ఎవరికి కుదరదో కూడా కింద రాశాను.

## ముందు ఏం చూడాలి

అన్నిటికన్నా ముందు చూడాల్సింది, ఆ పీరియడ్ పిల్లని నమ్మమంటుందా, తెలుసుకోమంటుందా అన్నది. సిలబస్ కాగితం చూస్తే ఇది తేలదు, ఎందుకంటే అందరూ "విలువలు" అనే రాసుకుంటారు. పోయినేడాది ప్రశ్నపత్రం ఒకటి అడిగి తీసుకోండి. "మనల్ని సృష్టించిన దేవుడికి మనం ఎలా కృతజ్ఞత చూపాలి?" అని ఉంటే అది మతబోధ. "నమాజుకు ముందు వజూ (చేతులు, ముఖం, కాళ్ళు కడుక్కోవడం) ఎలా చేస్తారు?", "రథసప్తమి నాడు జనం అరసవల్లికి ఎందుకు వస్తారు?" అని ఉంటే అది మతం గురించిన చదువు. మొదటి రకం ప్రశ్నకి ఇంకో ఇంటి పిల్ల తన మనసులో ఉన్నది ఉన్నట్టు రాస్తే మార్కులు పోతాయి. రెండో రకానికి ఏ ఇంటి పిల్లయినా పదికి పది తెచ్చుకోవచ్చు.

ఈ తేడా నేను కనిపెట్టింది కాదు. 1964–66 నాటి కొఠారీ కమిషనే మతబోధ వేరు, మతాల గురించిన చదువు వేరు అని విడదీసి, ప్రధాన మతాలన్నిటి గురించీ ఏర్చికూర్చిన సమాచారం పౌరవిద్యలో భాగంగా ఉండాలని సిఫార్సు చేసింది. 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు కూడా రాజ్యాంగం ఆపుతున్నది మతబోధనే తప్ప మతాల గురించిన చదువును కాదని చెప్పింది. కాబట్టి "బళ్ళో మతం మాట ఎత్తితేనే చట్టవిరుద్ధం" అని భయపడే హెడ్మాస్టర్లకి అంత భయం అక్కర్లేదు.

తర్వాత చూడాల్సింది వద్దనే వీలు. రాజ్యాంగం 28వ అధికరణ ఈ విషయంలో సూటిగా ఉంది. పూర్తిగా ప్రభుత్వ డబ్బుతో నడిచే బళ్ళలో, అంటే జడ్పీ హైస్కూలు, మున్సిపల్ స్కూలు, ప్రభుత్వ గురుకులం వంటి వాటిలో మతబోధ ఉండకూడదు. ప్రభుత్వ గుర్తింపు గానీ ఎయిడ్ గానీ ఉన్న ప్రైవేటు బడిలో ఉండొచ్చు. కానీ మైనరు పిల్లల విషయంలో సంరక్షకులు ఒప్పుకుంటే తప్ప ఆ క్లాసులో గానీ ఆ ప్రార్థనలో గానీ పాల్గొనమని బలవంతపెట్టకూడదు. మైనారిటీ బడికైనా, హిందూ ట్రస్టు బడికైనా ఇదే మాట. ట్రస్టు షరతుల్లోనే మతబోధ ఉండి, ప్రభుత్వం నిర్వహణ మాత్రం చూసే సంస్థలకి ఒక మినహాయింపు ఉంది గానీ మనకి అది అరుదుగా ఎదురవుతుంది.

చిక్కంతా ఆ "ఒప్పుకోవడం" దగ్గర ఉంది. అప్లికేషన్ వెనక పేజీలో "పాఠశాల నియమాలకూ ప్రార్థనలకూ కట్టుబడి ఉంటాము" అని ఒక లైను ఉంటుంది. దాని కింద మనం చదవకుండా సంతకం పెట్టేస్తాం. ఆ లైను ఉందో లేదో చూడండి. ఉంటే దాని పక్కనే "మతబోధ తరగతికి సమ్మతి లేదు" అని రాసి సంతకం పెట్టండి.

మూడో సంగతి, మన జిల్లాల్లో ఉన్నంత ఇరుకుగా అన్నిచోట్లా ఉండదు. మన ఊళ్ళలో ఎస్సీ కుటుంబాలు చాలావరకు ఆదివారం చర్చికి వెళ్తాయి, సర్టిఫికెట్‌లో మాత్రం హిందువులే. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే ఉండేది. 1956లో సిక్కులకీ, 1990లో బౌద్ధులకీ ఇచ్చారు. క్రైస్తవం తీసుకున్నట్టు కాగితం మీద తేలితే ఆంధ్రలో బీసీ–సీ అవుతారు. స్కాలర్‌షిప్ దగ్గర్నుంచి ఉద్యోగం దాకా లెక్క మారిపోతుంది. ఇప్పుడు క్లాసులో ఒక మాస్టారు, ఏ దురుద్దేశం లేకుండానే, "క్రిస్టియన్లు చేతులెత్తండి, క్రిస్మస్ గురించి మీరు చెప్పండి" అన్నారనుకోండి. ఆరో తరగతి పిల్ల ఏం చెయ్యాలి? చెయ్యెత్తితే అమ్మ తిడుతుంది, ఎత్తకపోతే పక్కనున్న స్నేహితురాలు "నువ్వు మొన్న చర్చిలో పాడావు కదా" అంటుంది. అందుకే నా లెక్కలో, పిల్లల చేత వాళ్ళ మతం ఏమిటో చెప్పించే పాఠం ఎంత మంచి పాఠమైనా పనికిరాదు. గిరిజనుల సంగతి వేరు, ఎస్టీ హోదాకి మతంతో ముడి లేదు. కానీ ఆ పిల్లలకి ఇంకో ఇబ్బంది ఉంది.

ఆ ఇబ్బంది ఏమిటంటే, పుస్తకంలో మన ఇంటి దేవత ఉండదు. హిందూమతం అన్న పాఠం తీస్తే వేదాలు, ఉపనిషత్తులు, ఆశ్రమధర్మాలు ఉంటాయి. విజయనగరం పిల్లలకి తెలిసిన దేవుడి పండుగ పైడితల్లి సిరిమానోత్సవం. దసరా అయ్యాక వచ్చే మంగళవారం, చింతమాను చివర కూర్చున్న పూజారి గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతాడు. ఊరు ఊరంతా అరటిపళ్ళు విసురుతుంది. ఇది ఏ పాఠంలోనూ కనపడదు. మందస, మెళియాపుట్టి వైపు సవర పిల్లల సంగతి ఇంకా దూరం. పంట చేతికొచ్చాక కొత్తల పండుగ చెయ్యనిదే కొత్త కందులు ముట్టని ఇంటి నుంచి వచ్చిన పిల్లకి, పుస్తకంలోని ఆరేడు మతాల్లో ఏది తనదో అర్థం కాదు. రిజిస్టర్‌లో హిందూ అనో క్రిస్టియన్ అనో ఎవరో రాసేసి ఉంటారు.

చెప్పేవాళ్ళెవరన్నది కూడా చూడండి. పూజారి గారో, పాస్టర్ గారో, మౌల్వీ గారో వచ్చి చెప్తే అది వాళ్ళ నమ్మకం పంచుకోవడమే అవుతుంది. వాళ్ళ పని అది, తప్పు పట్టలేం. వయసు విషయం ఒక్క మాటలో: పదేళ్ళ లోపు కథలు చాలు. పదకొండు నుంచి పద్నాలుగు మధ్య పక్కవాళ్ళ గురించి ఆసక్తి మొదలవుతుంది. ఆ తర్వాత అనుమానాలొస్తాయి, వాటికి జవాబు చెప్పే ఓపిక ఉన్న మాస్టారు కావాలి.

## మొదటి దారి: మతబోధ చేసే బడి

మన వైపు వీటికి పాత చరిత్రే ఉంది. కెనడియన్ బాప్టిస్టు మిషనరీలు 19వ శతాబ్దం చివర్నుంచీ బొబ్బిలి, శ్రీకాకుళం వంటి చోట్ల పనిచేశారు. తర్వాత క్యాథలిక్ కాన్వెంట్లు, శిశుమందిర్ తరహా బళ్ళు, ఆశ్రమాల వాళ్ళ బళ్ళు వచ్చాయి.

మీ ఇంట్లో భక్తి గట్టిగా ఉండి, పిల్లలకి అదే అందాలని ఉంటే ఈ దారిని మించింది లేదు. ఇంట్లో చెప్పేదీ బళ్ళో చెప్పేదీ ఒకటే అయినప్పుడు పిల్లకి తికమక ఉండదు. పొద్దున్నే ప్రార్థన, క్రమం తప్పని పండుగలు, ఒక పద్ధతి. పెద్దయ్యాక నమ్మకం పోయినా ఆ పద్యాలూ కీర్తనలూ నోట్లో మిగులుతాయి, అది చిన్న ఆస్తి కాదు.

అయితే ఈ బళ్ళన్నీ ఒకలా ఉండవు. క్యాథలిక్ కాన్వెంట్లలో సాధారణంగా క్యాథలిక్ పిల్లలకి క్యాటకిజం (వాళ్ళ మతబోధ), మిగతావాళ్ళకి మోరల్ సైన్స్ అని విడిగా పెడతారు. ఇది మర్యాదైన ఏర్పాటు. కొన్ని బళ్ళలో అందరికీ ఒకటే క్లాసు, దానికి మార్కులు కూడా. అక్కడ ఆలోచించండి.

ఇంకో సంగతి. వద్దన్న పిల్లలు ఆ నలభై నిమిషాలు ఎక్కడుంటారో అడిగి తీరాలి. పేరు చెప్పను గానీ, నాకు తెలిసిన ఒక బడిలో అలాంటి పిల్లలు ముగ్గుర్ని సైకిల్ స్టాండు పక్కన బెంచీ మీద కూర్చోబెట్టేవారు. పుస్తకం లేదు, పని లేదు. వారం తిరక్కుండా ఆ ముగ్గురిలో ఇద్దరు "మేమూ క్లాసుకే వెళ్తాం" అని ఇంట్లో గొడవ చేశారు. ఎవరూ బలవంతపెట్టలేదు, బెంచీయే ఆ పని చేసింది.

## రెండో దారి: మతం ఊసెత్తని విలువల పీరియడ్

పెద్దల్ని గౌరవించాలి, అబద్ధమాడకూడదు, చెట్లు నాటాలి. ప్రభుత్వ బళ్ళలో ఉండేది ఎక్కువగా ఇదే. రాష్ట్ర ప్రభుత్వం కూడా దీని మీద దృష్టి పెట్టి, 2024 నవంబరులో చాగంటి కోటేశ్వరరావు గారిని విద్యార్థుల నైతిక విలువలకు సలహాదారుగా నియమించింది.

దీనివల్ల ఎవరికీ నొప్పి ఉండదు. ఏ ఇంటి పిల్లయినా కూర్చోవచ్చు, ఏ కాగితమూ రాయక్కర్లేదు. కానీ పలచన. "అందరినీ గౌరవించండి" అని బోర్డు మీద రాస్తే సరిపోతుందా? రంజాన్ నెలలో పక్క బెంచీ అబ్బాయి మధ్యాహ్నం అన్నం ఎందుకు తినడో, పొడిచే ఆకలితో ఆటల పీరియడ్‌లో ఎలా నిలబడతాడో తెలియని పిల్లకి గౌరవం అన్న మాట గాల్లో ఉంటుంది. పైగా టెన్త్ క్లాసులో ఈ పీరియడ్ మీద లెక్కల మాస్టారి కన్ను ఎప్పుడూ ఉంటుంది, డిసెంబరు దాటితే అది ఆయనదే.

మరో భ్రమ కూడా ఒదులుకోవాలి. మతం ఊసు లేని బడి అంటే మతం లేని బడి కాదు. హాల్ టికెట్లు ఇచ్చే రోజు సరస్వతీ పూజ, వినాయక చవితి పందిరి, పిల్లల దగ్గర చందాలు ఇవన్నీ చాలా బళ్ళలో ఆనవాయితీ. చేసేవాళ్ళకి అది మతం అనిపించదు, పక్కన నిలబడ్డ పిల్లకి అనిపిస్తుంది. పెన్నులు దేవుడి దగ్గర పెట్టించుకోని పిల్లకి ఎవరూ ఏమీ అనకపోతే అది మంచి బడి. నేను ముందు చూసేది అదే.

## మూడో దారి: అన్ని మతాల గురించీ చదువుగా చెప్పడం

నేను మొగ్గేది దీనికే కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను, లోట్లతో సహా.

బయటి దేశాల్లో దీని మీద చాలా ప్రయోగాలు జరిగాయి. ఇంగ్లండులో 1944 చట్టం నుంచీ ప్రభుత్వ బళ్ళలో మతవిద్య తప్పనిసరి. ఇష్టం లేని తల్లిదండ్రులు పిల్లల్ని తప్పించుకోవచ్చు. మొదట్లో అది దాదాపు బైబిలు చదువే, పోనుపోను అన్ని మతాల పరిచయంగా మారింది. 2018లో అక్కడి మతవిద్యా కమిషన్ ఆ సబ్జెక్టును మతాలు, ప్రపంచ దృక్పథాలు అని పిలవాలనీ, దేవుణ్ణి నమ్మనివాళ్ళ ఆలోచనలూ అందులో ఉండాలనీ సూచించింది. వేల్స్ 2022లో ఇంకో అడుగు వేసి, కొత్త సిలబస్‌లో తప్పించుకునే వీలు తీసేసింది. అందరి గురించీ నిష్పక్షపాతంగా చెప్పే పాఠమైతే వద్దనాల్సిన పని ఏముంది అన్నది వాళ్ళ వాదన. నార్వేకి మాత్రం ఎదురుదెబ్బ తగిలింది. అక్కడ క్రైస్తవానికి పెద్దపీట వేసిన సబ్జెక్టు పెట్టి, కావాలంటే కొన్ని భాగాల నుంచి తప్పించుకోవచ్చన్నారు. అలా తప్పించుకోవాలంటే తమ నమ్మకాలు బడి ముందు బయటపెట్టాల్సి వస్తోందని తల్లిదండ్రులు కోర్టుకెళ్ళారు. 2007లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు నార్వేది తప్పని తేల్చింది. చెయ్యెత్తలేని మన ఆరో తరగతి పిల్ల ఇబ్బందీ అలాంటిదే.

మన సోషల్ పుస్తకాల్లో ఈ చదువు ఇప్పటికే కొంత ఉంది. బుద్ధుడు, మహావీరుడు, భక్తి ఉద్యమం, సూఫీలు. కాకపోతే వాళ్ళంతా చరిత్రలో ఉంటారు, మన వీధిలో ఉన్నట్టు అనిపించరు. ఆ లోటు మన జిల్లాల్లో తీర్చడం ఎంత సులువో చెప్తాను.

శ్రీకాకుళం బడి అయితే ఒక్క రోజు, ఒక్క బస్సు. పొద్దున్నే అరసవల్లి సూర్యదేవాలయం. తర్వాత టౌన్లోనే జామియా మసీదు, ఆపైన ఒక పాత చర్చి. మధ్యాహ్నం వంశధార ఒడ్డున శాలిహుండం కొండ. అక్కడ స్తూపాలు, చైత్యాల పునాదులు, తార, మారీచి అనే బౌద్ధ దేవతల విగ్రహాలు చూడొచ్చు. ఆ బౌద్ధ క్షేత్రాన్ని 1919లో గుర్తించింది మన గిడుగు రామమూర్తి గారే. బడిపంతులుగా బతికిన మనిషి. పక్క కొండల్లోని సవరల దగ్గర కూర్చుని వాళ్ళ భాష నేర్చుకుని వ్యాకరణం, నిఘంటువు రాసిందీ ఆయనే. ఒక సోషల్ మాస్టారు బౌద్ధం గురించి, సవరల గురించి ఒకే గంటలో చెప్పాలంటే గిడుగు పేరు చాలు. విజయనగరం బడి అయితే పైడితల్లి గుడి, ఖాదర్ వలీ బాబా దర్గా, ఒక చర్చి, ఆ తర్వాత నెల్లిమర్ల దాటి రామతీర్థం. అక్కడ కింద రాముడి గుడి, పైన గురుభక్తులకొండ మీద బౌద్ధ శిథిలాలు, బోధికొండ మీద జైనుల ఆనవాళ్ళు.

లోట్ల సంగతి. మొదటిది మాస్టారే. మనందరికీ ఒక ఇల్లు, ఒక దేవుడు ఉన్నాయి. తన మతం గురించి అరగంటా, పక్క మతం గురించి ఐదు నిమిషాలూ చెప్పే మాస్టార్లు ఉన్నారు. తన మతంలో మంచీ పక్క మతంలో మూఢనమ్మకాలూ చూపించేవాళ్ళూ ఉన్నారు. దీనికోసం పెట్టిన శిక్షణ లేదు, ఎవరికి వాళ్ళు నేర్చుకోవాల్సిందే. రెండోది, భక్తిగల ఇళ్ళ నుంచి వచ్చే అభ్యంతరం: "అన్నిటినీ ఒకే వరసలో పెట్టి చెప్తే పిల్లకి దేని మీదా గురి ఉండదు." ఈ మాటని కొట్టిపారెయ్యకూడదు. చిన్న వయసులో, ఇంట్లో ఏ పునాదీ లేకుండా కేవలం ఈ చదువే ఉంటే మతం అంటే జనరల్ నాలెడ్జి బిట్లు అయిపోతుంది. అందుకే ఈ దారి ఒంటరిగా సరిపోదు, నాలుగో దారితో కలిపితేనే నిలబడుతుంది.

## నాలుగో దారి: బడికి సంబంధం లేకుండా, బయట

ఫ్రాన్సు 1882లోనే ప్రభుత్వ బళ్ళలో మతబోధ తీసేసి, దానికోసం వారంలో ఒక రోజు ఖాళీగా వదిలింది, కావలసినవాళ్ళు బయట నేర్పించుకొమ్మని. మనకి ఆదివారం ఆ పని చేస్తోంది. సండే స్కూలు, వేసవిలో వి.బి.ఎస్. (వెకేషన్ బైబిల్ స్కూలు), సత్యసాయి బాలవికాస్, చిన్మయ బాలవిహార్, గుళ్ళలో గీతా పారాయణం పోటీలు, మసీదులో పొద్దున్నో సాయంత్రమో ఖురాన్ నేర్పే మక్తబ్. చెప్పేవాళ్ళకి విషయం తెలుసు, ఇష్టంతో చెప్తారు, ఖర్చు దాదాపు లేదు. ఏ బళ్ళో చదివినా దీన్ని కలుపుకోవచ్చు.

అడ్డం పడేది ట్యూషను. ఎనిమిదో తరగతి వచ్చేసరికి ఆదివారం పొద్దున్న కార్పొరేట్ ఫౌండేషన్ క్లాసు దూరుతుంది, బాలవికాస్ ఆగిపోతుంది. సరిగ్గా అనుమానాలు మొదలయ్యే వయసులోనే. ఇంకొకటి, ఇక్కడ పిల్ల తనవాళ్ళ మధ్యే ఉంటుంది, పక్కవాళ్ళ గురించి వినేది తనవాళ్ళ నోటినుంచే.

## ఐదో దారి: ప్రశ్నించడమే నేర్పడం

దేవుణ్ణి నమ్మని ఇళ్ళూ మన దగ్గర తక్కువేం కాదు. శ్రీకాకుళం ఉద్యమాల నేల, ఆ వారసత్వం చాలా ఇళ్ళలో ఉంది. నాస్తికోద్యమ నాయకుడు గోరా 1902లో పుట్టింది ఇచ్ఛాపురం దాటి బరంపురం అవతల ఛత్రపురంలోనే. శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం పౌరుడి కర్తవ్యమని 1976లో చేరిన 51ఎ అధికరణ చెప్తోంది. దీనికోసమే పెట్టిన బడి వెతికినా దొరకదు గానీ, జన విజ్ఞాన వేదిక వాళ్ళ చెకుముకి సైన్సు పరీక్షలు చాలా ప్రభుత్వ బళ్ళలో జరుగుతాయి. లోటు ఒకటే: నమ్మేవాళ్ళని వెక్కిరించడమే శాస్త్రీయత అనుకునే ప్రమాదం. పిల్లలకి వెక్కిరింత చాలా తొందరగా అబ్బుతుంది.

## ఒక చూపులో

| దారి | సొంత నమ్మకం గట్టిపడటం | పక్కవాళ్ళ గురించి తెలియడం | వద్దనే వీలు | ఎక్కువగా దెబ్బతినేది |
|---|---|---|---|---|
| మతబోధ చేసే బడి | బాగా | తక్కువ | చట్టంలో ఉంది, బడిని బట్టి | వేరే మతం పిల్ల |
| విలువల పీరియడ్ | లేదు | లేదు | అవసరం రాదు | ఎవరూ కాదు, లాభమూ తక్కువ |
| అన్ని మతాల చదువు | తక్కువ | బాగా | మాస్టారు నిష్పక్షపాతి అయితే అవసరం రాదు | పక్షపాతి మాస్టారి చేతిలో పడ్డ క్లాసు |
| బయట నేర్పడం | బాగా | దాదాపు లేదు | పూర్తిగా మీ చేతిలో | ట్యూషన్లున్న పిల్ల |
| ప్రశ్నించడం | లేదు | మాస్టారిని బట్టి | అవసరం రాదు | భక్తిగల ఇంటి పిల్ల, వెక్కిరింత ఉంటే |

## ఎవరికి ఏది

ఇంట్లో భక్తి గట్టిగా ఉండి, దగ్గర్లో మీ మతం బడి ఉంటే: ప్రైమరీ వరకు అక్కడ వేయండి, నాకు అభ్యంతరం లేదు. ఆరో తరగతికి బయటికి తీసుకురండి. అప్పటికి పునాది పడి ఉంటుంది, పక్కవాళ్ళని చూసినంత మాత్రాన కదలదు.

మీది వేరే మతం, ఊళ్ళో మంచి బడి అదొక్కటే అయితే: ఇది చాలామంది పరిస్థితి. ఇంగ్లీషు మీడియం కోసమో క్రమశిక్షణ కోసమో చేర్పిస్తారు. చేర్పించండి, కానీ మతబోధకి సమ్మతి లేదని మొదటి రోజే కాగితం మీద పెట్టండి, లైబ్రరీలో కూర్చోబెట్టమని అడగండి. ప్రార్థన సమయంలో మర్యాదగా మౌనంగా నిలబడమని పిల్లకి చెప్పండి. 1986లో బిజో ఇమ్మాన్యుయేల్ కేసులో, జాతీయగీతం పాడకుండా గౌరవంగా నిలబడ్డ కేరళ పిల్లల్ని బడి నుంచి తీసెయ్యడం చెల్లదని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. జాతీయగీతం విషయంలోనే అంత మాట అన్నాక, బడి ప్రార్థన దగ్గర బెదరక్కర్లేదు.

చర్చికి వెళ్ళే ఎస్సీ కుటుంబమైతే: పిల్లల్ని మతాలవారీగా విడదీసి కూర్చోబెట్టే బడి వద్దు. ఆ విడదీత మీ మేలుకోరే చేసినా సరే. విలువల పీరియడ్ ఉన్న బడి, దానితో పాటు ఆదివారం సండే స్కూలు మీకు సుఖం.

సవర, జాతాపు కుటుంబాలకి: మతం పాఠం కన్నా ముందు ఆ బడి మీ పండుగకి సెలవిస్తుందో లేదో అడగండి. హాస్టల్లో ఉంటే పిల్ల ఏ ప్రార్థనలో నిలబడుతోందో కనుక్కోండి. మన కొండల్లో మతం మారినవాళ్ళూ మారనివాళ్ళూ ఒకే వీధిలో ఉంటారు. బడి ఒక పక్షం తీసుకుంటే ఆ గొడవ వీధిలోకి వస్తుంది.

భార్యాభర్తలది వేర్వేరు మతాలైతే: మూడో దారి ఉన్న బడి దొరికితే వదలకండి. దొరక్కపోతే రెండోది. మొదటిది మాత్రం ఇద్దరిలో ఒకరు ఓడిపోయినట్టు అవుతుంది, పిల్ల ఆ లెక్క కడుతుంది.

ఉద్దానం వైపు లాగా అమ్మానాన్నలు వలస వెళ్ళి, పిల్లలు అమ్మమ్మ దగ్గర ఉంటే: అడ్మిషన్ కాగితం మీద సంతకం పెట్టేది అమ్మమ్మే. వెనక పేజీలో ఏముందో ఫోన్లో ఫోటో పంపించమనండి.

## అడ్మిషన్ రోజు అడగాల్సినవి

ప్రార్థనలో ఏం పాడతారు, పాడకపోతే ఏమవుతుంది? మతం క్లాసుకి మార్కులున్నాయా? ఎవరు చెప్తారు? వద్దంటే పిల్ల ఎక్కడ ఉంటుంది? బొట్టు, గాజులు, స్కార్ఫు, అయ్యప్ప మాల మీద రూలేమిటి? ఆ రూలు అందరికీ ఒకటేనా? చివరి ప్రశ్నకి జవాబు ప్రిన్సిపాల్ గారి నోటి నుంచి కాకుండా గేటు దగ్గర నిలబడి పిల్లల్ని చూసి తెలుసుకోవడం మేలు.

## హెడ్మాస్టర్లకి, కరస్పాండెంట్లకి

మూడో దారి మొదలుపెట్టాలనుకుంటే కొత్త పీరియడ్ అక్కర్లేదు. సోషల్లో ఆ పాఠాలు వచ్చిన వారమే టూర్ పెట్టుకోండి. బయల్దేరే ముందు తల్లిదండ్రులకి చిన్న నోటు పంపండి: ఎక్కడెక్కడికి వెళ్తున్నామో, చూడటానికే తప్ప పూజకి కాదనీ, ఇష్టం లేకపోతే రావక్కర్లేదనీ. గుడి, మసీదు, చర్చి ముగ్గురికీ ముందుగా చెప్పుకోండి. చెప్పులెక్కడ వదలాలి, తల మీద గుడ్డ కావాలా, ఆడపిల్లలు ఎంతవరకు రావచ్చు అన్నవి అక్కడికెళ్ళాక తేలితే పిల్లల ముందు ఇబ్బంది.

గొడవ వచ్చేది ఎక్కువగా ప్రసాదం దగ్గరే. పూజారి గారు ప్రేమతో అందరి చేతుల్లోనూ పెట్టేస్తారు. చర్చికి వెళ్ళే ఇళ్ళలో చాలామంది ప్రసాదం తినరు. పిల్ల వద్దంటే పూజారి గారు నొచ్చుకుంటారు, తింటే ఇంట్లో మాట పడుతుంది. ఆయన్ని ముందే అడిగి పళ్ళెం ఒక పక్కన పెట్టించండి. కావలసినవాళ్ళు తీసుకుంటారు, ఎవరు తీసుకున్నారో మాస్టారు చూడకూడదు. దర్గాలో నెమలి ఈకలకట్ట తల మీద పెట్టే దగ్గరా, చర్చిలో ప్రార్థన చేసి పంపుతామన్నప్పుడూ ఇదే పద్ధతి.

తిరిగొచ్చాక "మీకు ఏది నచ్చింది" అని అడగొద్దు, పిల్లలు ఓటింగు పెట్టేస్తారు. ఒక్కొక్కరు ఏ ఒక్కచోట చూసిన ఒక్క వస్తువు గురించైనా పది లైన్లు రాయమనండి: శాలిహుండం ఇటుక, మసీదు హౌజు (వజూ చేసే నీళ్ళ తొట్టి), చర్చి గంట, అరసవల్లి పుష్కరిణి ఏదైనా సరే. అది ఏమిటి, అక్కడి వాళ్ళకి ఎందుకు ముఖ్యం, మనకింకా తెలియనిది ఏమిటి అని రాయాలి. మార్కులు మూడో దానికి ఎక్కువ వేయండి.